మంత్రం పడ్డ కాపలావాడు

మంత్రం వేసి మనిషిని లొంగదీసుకుంటే, ఆ మనిషి ఎంతవరకు లొంగుతాడు? వినడానికి నవ్వులాటగా ఉండే ఈ ప్రశ్న మీద వాదించుకుంటూ ఒక వానాకాలం ఆదివారాలన్నీ పాడుచేసుకున్నాం. పాడుచేసింది ముఖ్యంగా నేనే.

అవి ఎనభైల నడిమి సంవత్సరాలు. అరకులో కొండ రైతుల చేత కాఫీ తోటలు వేయించే ఉద్యోగం నాది. ఓడల్లో పనిచేసే మా పెద్దమ్మ కొడుకు సింగపూరు నుంచి ఒక ఆట పెట్టె తెచ్చి, తలాతోకా తెలియడం లేదంటూ నాకు ఇచ్చేశాడు. ఆ ఆటలో గెలుపోటములు లేవు. ఒకరు కథ నడపాలి. తక్కినవాళ్లు తలా ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషి ఏమంటాడో, ఏం చేస్తాడో చెబుతూ పోవాలి. ఎటూ తేలని చోట పాచిక వేయాలి. పెట్టెలోని ఇంగ్లిషు పుస్తకం మొత్తం చదివినవాణ్ని నేనే కాబట్టి కథ నడిపే పని నాదైంది.

ఆదివారాలు నా గదికి వచ్చి ఆడేవాళ్లు ఇద్దరు. శ్రీకాకుళం వైపు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు గుమాస్తా మాంత్రికుడి వేషం తీసుకున్నాడు. రెండో అతను ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. ఆ కొండల్లోనే పుట్టి పెరిగాడు. అతనూ నేనూ నేస్తం కట్టుకున్నాం. అంటే, వాళ్ల ఇంటి పెద్దల ఎదుట కొత్త తువ్వాళ్లు మార్చుకుని, కలిసి అన్నం తిన్నాం. ఆ తర్వాత ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, నేస్తం అనే అనాలి.

అతను కల్పించుకున్న మనిషి ఒక కొండ ఊరికి కాపలావాడు. ఊరి చుట్టూ దడి, దడికి ఒకటే తలుపు. ఆ తలుపు అతని చేతిలో ఉంటుంది. ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారో, ఎవరి మేక ఈనబోతోందో కూడా మాస్టారు చెబుతూ ఉండేవాడు. కథ సాగడం లేదని నాకు లోలోపల విసుగ్గా ఉండేది.

వశీకరణ మంత్రం గురించి పుస్తకంలో ఉన్నది కాస్తే. మంత్రం పడినవాడు, వేసినవాణ్ని ప్రాణస్నేహితుడిగా ఎంచుతాడట. స్నేహితుడైతే ఏం చేస్తాడో, ఏం చేయనంటాడో ఒక్క ముక్క లేదు. అడుగుదామంటే ఆ చుట్టుపక్కల తెలిసినవాడూ లేడు.

మొదట ఆ మంత్రాన్ని గుమాస్తా ఒక జైలు కాపలావాడి మీద వేశాడు.

"ఇక తలుపు తియ్యమనండి గురువుగారూ!"

"తీయడు. స్నేహితుడయ్యాడు గానీ బానిస కాలేదుగా. మంచినీళ్లిస్తాడు, కబుర్లు చెబుతాడు."

"ఇంత మంతరమేసింది మంచినీల్ల కోసమేటండీ? నుయ్యి కాడికెల్తే సరిపోను!"

అందరం నవ్వుకున్నాం. తీర్పు భలే చెప్పానని నాకు గర్వంగా కూడా అనిపించింది.

కొన్ని వారాల తర్వాత నా కథలోని మంత్రగత్తె కాగడాతో ఆ కొండ ఊరి దడి దగ్గరికి వచ్చింది. ఊరు తగలబడితే గాని తర్వాతి కథ నడవదని ముందే అనుకుని ఉన్నాను. ఆమె కాపలావాడి మీద అదే మంత్రం వేసింది. పాచిక మాస్టారికి అచ్చిరాలేదు.

"సరే నేస్తం, ఆవిడంటే నాకు ఇప్పుడు పేనం," అన్నాడు మాస్టారు. "దడి బయటే సాప ఏసి కూకోబెడతాను. అంబలి పోత్తాను. తలుపు మాత్తరం తియ్యను."

"తీస్తావు. మంత్రం పడింది."

"నేస్తమంటే సెప్పిందల్లా సేసీడమేటి? నువ్వు నా నేస్తానివే. మా ఊరు కాల్సేత్తానంటే అగ్గిపెట్టె అందిత్తానేటి? ముందు నాలుగు తిడతాను."

గుమాస్తా అందుకున్నాడు. "మొన్న జైలోడికో నాయం, ఇయాల మేస్టారికింకో నాయమేటండి బాబూ?"

ఇద్దరూ చెప్పింది నిజమే. అందుకే కోపం వచ్చింది. "పుస్తకం చదివింది నేను," అన్నాను. అక్కడితో ఆగలేదు. చేతులు కట్టుకుని, భుజాలు వంచి, నేస్తం యాస తెచ్చిపెట్టుకుని, "తీత్తన్నానమ్మగోరూ, బేగి లోనికి రండి," అని కాపలావాడి మాట నేనే చెప్పేశాను.

గుమాస్తా పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.

మాస్టారు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆడు నా మడిసి. ఆడి నోట్లో మాట నువ్వెట్టకూడదు," అని గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

నా మీద నాకు చిరాకు పుట్టింది. అయినా, ఆటకింత పట్టింపా అని రెండు రోజులు అతన్నే తప్పుపట్టాను. తర్వాత తోటల్లో పని చేస్తుంటే నా సంగతి నాకే కనిపించసాగింది. కాఫీ మొక్కలు వేయమన్నప్పుడు రైతు నా ఎదుట మాట్లాడకుండా నిలబడితే, "ఒప్పుకున్నాడు, పదండి," అనడం నాకు అలవాటు. ఏ మంత్రమూ లేకుండానే వాళ్ల తరఫున సరేననడం ఎప్పుడో నేర్చాను.

సంతలో ఎండుచేపలు బేరం చేస్తూ మాస్టారు కనబడ్డాడు.

"నేస్తం, తప్పు నాది. తీర్పు మార్చేశాను. మంత్రం పడేది మనసు మీదే. ఆ మనసుతో ఏం చేస్తాడో నువ్వే చెప్పాలి. ఆదివారం రా."

అతను చేపలు ఏరడం ఆపలేదు. "తలుపు తీసీసాక మా ఊల్లోవోల్లు ఏటయ్యారు?"

అది నేను ఆలోచించనే లేదు. "ఏమీ కాలేదు. అందరూ బాగున్నారు," అన్నాను వెంటనే.

"బేగే బాగుసేసీసావు! ఆల్లనడిగే సెప్పావేటి?"

మళ్లీ అదే పని చేశాను, అదీ క్షమాపణ అడుగుతూనే.

"సూద్దాంలే," అని చేపల పొట్లం సంచిలో వేసుకుని జనంలో కలిసిపోయాడు.

ఆదివారం గుమాస్తా ఒక్కడే వచ్చాడు. ఒక్కడితో ఆ ఆట సాగదు. కాసేపు చూసి, "ఇంకెక్కడొత్తారండీ మేస్టారు," అంటూ అతను జేబులోంచి పేకముక్కలు తీశాడు. ఆడాం. జల్లు లోపలికి కొడుతోంది, తలుపు వేసేయమన్నాడు. గుమ్మం దగ్గర నేల తడిసిపోతున్నా నేను వేయలేదు.