షామీర్‌పేటలో కనిపించని బటన్

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో నన్ను మేడ్చల్‌లో ఒక ఆఫీసు వెబ్ విభాగానికి వేశారు. హోదా సీనియర్ ప్రోగ్రామర్. పైన ఒక అధికారి, కింద ఎవరూ లేరు. మొదటి పని నర్సింగ్ శిక్షణకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం తయారుచేయడం.

అంతకుముందు ఏడాది కొందరు 'పై వివరాలన్నీ నిజమే' అన్న గడిలో టిక్కు పెట్టకుండానే పంపి, దరఖాస్తు పోగొట్టుకున్నారట. అందుకని టిక్కు పెడితేనే 'సమర్పించు' బటన్ కనిపించేలా చేశాను. పేజీకి రంగు, రూపం, అమరిక చెప్పే భాషను సీఎస్ఎస్ అంటారు. అందులో అప్పుడప్పుడే వచ్చిన 'హ్యాజ్' అనే సదుపాయంతో రెండు లైన్లలో పనైపోయింది. ముందు బటన్‌ను దాచు, టిక్కు పడితే చూపించు. అంతే! ఆఫీసులోని కొత్త ల్యాప్‌టాపులన్నిట్లో చూసుకుని, నా భుజం నేనే తట్టుకున్నాను.

దరఖాస్తులకు ఆఖరి రోజు మధ్యాహ్నం రెండింటికి షామీర్‌పేట నుంచి రజియా ఫోన్ చేసింది. అక్కడ జనానికి దరఖాస్తులు నింపిపెట్టే సేవా కేంద్రం ఆమెది. "మేడం, టిక్కు కొట్టినా బటన్ వస్తలేదు. లాల్‌గడి మలక్‌పేట్ పిల్ల పొద్దుగాల్నించి కూసున్నది. ఐదింటికి బంద్ అయితది గదా, మస్తు పరేషాన్‌ల ఉన్నది."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బ్రౌజర్ అప్‌డేట్ చేసుకోమన్నాను, కటువుగానే.

"చేస్తే గీ వేలిముద్ర మిషన్ పనిజెయ్యది మేడం. ఇగ పింఛనోళ్లంత నన్ను కొడ్తరు," అంది.

ఆ మిషన్ పాత బ్రౌజర్‌తోనే నడుస్తుందనీ, అందుకే ఆమె అప్‌డేట్ జోలికి పోదనీ నేనెన్నడూ అడిగి తెలుసుకోలేదు. పాత బ్రౌజర్ తనకు తెలియని నియమం ఎదురైతే తప్పని అరవదు, దాటేసి పోతుంది. దాచమన్న లైను దానికి అర్థమైంది, చూపించమన్నది కాలేదు.

తిరగరాశాను. బటన్ మామూలుగా కనిపించాలి. 'హ్యాజ్' తెలిసిన బ్రౌజర్ అయితేనే, టిక్కు పడేదాకా దాచాలి. ఇలా ముందు అడిగి చూసే షరతును 'సపోర్ట్స్' అంటారు. ఐదు నిమిషాల పని. కానీ నడుస్తున్న సైటును ముట్టుకోవాలంటే అధికారి రాతపూర్వక అనుమతి కావాలి, ఆయనేమో కీసరలో మీటింగులో ఉన్నారు. నాలుగుంపావుకు ఆయన అనుమతి ఈమెయిల్‌లో వచ్చింది, వెంటనే పేజీ మార్చేశాను. గడువు పొడిగించమని కూడా అడిగాను, కుదరదన్నారు.

నాలుగున్నరకు మళ్లీ రజియా. "వచ్చింది మేడం, పంపేసినం! పిల్ల ఏడ్సుకుంట నవ్వుతాంది." ప్రాణం లేచొచ్చింది. పొద్దుట్నుంచి ఇంకెవరైనా వచ్చారా అని అడిగాను. "ఇద్దరు వాపస్ పోయిండ్రు. ఒకామె వస్తాంది. ఇంకొకామెకు ఫోన్ కలుస్తలేదు."

ఆ తర్వాత ఏ పేజీ అయినా ముందు రజియా కంప్యూటర్లో చూశాకే జనంలోకి వదిలాను. కొత్త సదుపాయాలు మానలేదు, చివరిదాకా వాడాను. అవి లేకపోయినా పని జరగాలి, ఉంటే సొగసు పెరగాలి. నేను నేర్చుకున్నది ఇది. ఆ ఫోన్ కలవని అమ్మాయి మాత్రం ఆ ఏడాది దరఖాస్తు చేయలేదు.