గల్లీకి అడ్డంగా నిలిచిన కారు

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మా గల్లీకి మొదటి కారు వచ్చిన రోజు, చక్రాల కింద నిమ్మకాయలు నలిగితే అందరం చప్పట్లు కొట్టాం. మంచి నిమ్మకాయలు పాడయ్యాయని మా అమ్మ ఒక్కతే బాధపడింది. కారు మొదటింటి మామది. పత్తి వ్యాపారం చేసేవాడు. ఆయన వాకిలి చిన్నది, కారు పెద్దది. అందుకని దాన్ని గల్లీ మొదట్లోనే నిలిపి, తెల్ల దుప్పటి కప్పేవాడు. పక్కనుంచి ఒక మనిషి, అదీ బక్క మనిషైతే, గోడకు ఒరుసుకుంటూ పోవచ్చు. రిక్షా మాత్రం లోపలికి రాదు, గల్లీకి ఇంకో దారి లేదు.

పెట్రోలు దండగని మామ ఊళ్లమీదికి బస్సులోనే పోయేవాడు. నారాయణరావుపేటకైనా ధూళిమిట్టకైనా బస్సే. కారు విశ్రాంతి తీసుకునేది. తాళంచెవి ఆయన జేబులో ఊళ్లు తిరిగేది.

గల్లీ చివరింటి ముస్లిం పెద్దమ్మను అందరం ఖాలా అనేవాళ్లం. ఆమె కోడలికి నెలలు నిండాయి. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి నొప్పులు మొదలైతే ఒక్క క్షణం ఆగొద్దని దవాఖానలో గట్టిగా చెప్పి పంపారు. ఖాలా వచ్చి, కారు తీయమని మామను అడిగింది.

"నొప్పులొస్తే నేనే తోల్కపోత గద ఖాలా," అన్నాడు మామ. "ఇయ్యాల నాకున్నది. రేపు ఇంటికో కారైతది, అన్నీ గీ గల్లీలనే ఉంటయి. అప్పుడేం జేస్తవ్?"

ఖాలా గొడవ పడకుండా వెనుదిరిగి, ఒక్కో గడప దగ్గరా ఆగుతూ పోయింది. ఆమె ఊరుకోవడం మేమెప్పుడూ చూడలేదు. అందుకే భయమేసింది.

మర్నాడు తెల్లారేసరికి ప్రతి గుమ్మం ముందూ ఒక నులక మంచం, దానిమీద తెల్ల దుప్పటి. ఆడవాళ్లు గడపల్లో నిలబడ్డారు. ఏదో రోగమొచ్చి ఇంటికొకరు పోయినట్టుంది. ఎందుకైనా మంచిదని మా మంచం మీది దుప్పటి ఎత్తి చూశాను. ఎవరూ లేరు.

మామ సంచీతో బయటికొచ్చి కొయ్యబారిపోయాడు. "ఎవలు పోయిన్రు?"

"ఎవ్వలు పోలే బేటా," అంది ఖాలా. "నువ్వు జెప్పిన రేపటి కార్లు గివి. ఇయ్యాల్నే తెచ్చుకున్నం. గిప్పుడు మా కోడల్ని ఎట్ల తోల్కపోతవో సూపియ్యి."

మామ నవ్వబోయాడు. అంతలో చివరింట్లోంచి కేక వినిపించింది.

మంచాలు చిటికెలో లోపలికి పోయాయి. కారు పోలేదు. మామ తాళం తిప్పితే దగ్గి, మళ్లీ పడుకుంది. రిక్షా అవతల ఆగింది. ఇవతల మంచం మీద ఖాలా కోడలు దుప్పటి కొరుకుతూ ఉంది. మామతో సహా గల్లీ గల్లీ అంతా కలిసి కారును రోడ్డు మీదికి తోశాం. అంత బరువైన వస్తువును నేను మళ్లీ ముట్టుకోలేదు.

బిడ్డ దవాఖాన మెట్లమీదే పుట్టాడు. చాలాసేపు ఏడవలేదు. నర్సమ్మ వీపు మీద తట్టగా తట్టగా ఏడ్చాడు. మామ అంతకు ముందే మొదలుపెట్టాడని తర్వాత మా అమ్మ చెప్పింది. ఆ వారంలోనే కారు బస్టాండు దగ్గరి కిరాయి జాగాకు మారింది.

కార్లు కొనొద్దని నేనెవరికీ చెప్పను. చెప్పినా వినేవాళ్లు లేరు. ఎవరైనా కొన్నామంటే ఎంతకని అడగను, ఎక్కడ పెడతారని అడుగుతాను. ఇంటి ముందేనంటారు. మీ గల్లీ చివరింట్లో ఎవరుంటారని అడుగుతాను. ఇంతవరకూ ఎవరూ చెప్పలేకపోయారు.