పీణ్యలో ఉల్క వేట

తొంభైల్లో బెంగళూరులో మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడు, పొద్దుగూకే వేళ పెద్ద ఉల్క ఒకటి మండుతూ పీణ్య వైపు రాలడం చూశాను. మా బడి పిల్లలకు ఒక ముక్కైనా చూపించాలని, మర్నాడు అయస్కాంతానికి తాడు కట్టి అక్కడి ఫ్యాక్టరీ వీధుల్లో ఈడ్చుకుంటూ తిరిగాను. ఉల్కలో ఇనుముంటుందని పాఠం చెప్పేది నేనే కదా. పది అడుగులకే ఇనుప రజను అంటుకుని అయస్కాంతానికి గడ్డం మొలిచింది.

లేత్ షాపు ముందు టీ తాగుతున్న అనంతపురం పెద్దాయన నా సంగతంతా విన్నాడు. "ఇది పీణ్యప్పా. ఈడ మన్ను గూడా అంటుకుంటాది. అంటుకోనిది యాడన్నా ఉండాదేమో చూడు, అదే పైనుంచి పడిండేది" అన్నాడు.

ఆ రజనునే సీసాలో పోసి బడికి తీసుకెళ్ళాను. 'ఉల్క రాలిన వైపు దొరికినది' అని చీటీ అంటించాను. అందులో అబద్ధం ఎక్కడుంది?