సార్జెంట్ జేబులోని నవల

1981 జనవరి ఆరో తారీఖు, మధ్యాహ్నం పన్నెండున్నరకు అలాస్కాలో మా అమెరికన్ ఆర్మీ పోస్టు ముందు ట్రక్కు దిగాను. సూర్యుడు కొండల అంచున కాస్త తల ఎత్తి, మూడింటికల్లా వెళ్లిపోయాడు. మైనస్ నలభై రెండు డిగ్రీలు. ఎదురుగా గడ్డకట్టిన నది. ఒడ్డున బక్కచిక్కిన నల్లటి చెట్లు. రెండు మైళ్ల కంచె. కంచె లోపల మట్టి కప్పిన పదకొండు మందుగుండు గోదాములు. వాటికి కాపలా కాయడమే మా పని. న్యూజెర్సీలో మీరు మూలుగుతుంటారే, అది చలి కాదు.

ఇచ్చిన సామాను: ఉబ్బిన తెల్ల రబ్బరు బూట్లు, రెండు పొరల చేతి తొడుగులు, మోకాళ్ల దాకా వచ్చే పార్కా కోటు, రైఫిలు. సిరా గడ్డకడుతుంది కాబట్టి పెన్సిలు. డ్యూటీ ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకు. అరగంట కంచె వెంట నడక, అరగంట ప్లైవుడ్ గుడిసెలో స్టవ్ దగ్గర. ఇలా నాలుగు నెలలు.

సార్జెంట్ వియత్నాం యుద్ధానికి రెండుసార్లు వెళ్లొచ్చిన మనిషి. నా పేరు నోరు తిరగక మొదటి రోజే "ప్రొఫెసర్" అని పెట్టాడు. అతని పార్కా ఎడమ జేబులో ఎప్పుడూ ఒక నవల ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం మీద, బాగా పేరుమోసిన అమెరికన్ నవలాకారుడు రాసింది. అట్ట ఊడిపోతే గుడ్డ టేపు అంటించుకున్నాడు. ఆ రచయిత పేరు నేను చెప్పను. ఇన్నేళ్లయినా చెప్పడానికి నోరు రాదు.

ఈ సంగతి న్యూజెర్సీ పిస్కాటవేలో ఉండే మా అక్కకు రాస్తే, నెలాఖరుకు పార్సెల్ పంపింది. గోంగూర పచ్చడి సీసా, లైబ్రరీ వాళ్లు అమ్మేసిన పాత పుస్తకం. సీసా దారిలోనే గడ్డకట్టి పగిలింది. పుస్తకం మిగిలింది. ఆ నవలాకారుడి జీవితచరిత్ర. ఆరువందల పేజీలు.

మన చదువులు మీకు తెలియనివి కావు. తెలుగు వాచకంలో ప్రతి పాఠానికి ముందు కవి పరిచయం ఉండేది. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, రచనలు, బిరుదులు. పద్యం ఒక్క ముక్క అర్థం కాకపోయినా అది బట్టీ పట్టి గట్టెక్కేవాళ్లం. ఆ పుస్తకాన్నీ నేను అలాగే చదివాను. గుడిసెలో దొరికిన ప్రతి అరగంటలోనూ పుట్టుక, బడి, పెళ్లి, ఉద్యోగం పెన్సిలుతో గీతలు గీసుకుంటూ పోయాను.

ఫిబ్రవరి మొదటి వారంలో సార్జెంట్ నా గుడిసెకు వచ్చాడు. డ్యూటీలో పుస్తకం చదవకూడదని రూలు. అతను పుస్తకం చూసి, తలుపు మూసి, స్టవ్ పక్కన కూర్చున్నాడు.

"నాకు కూతురుంది, ప్రొఫెసర్. ఒహాయోలో వాళ్లమ్మ దగ్గర. మార్చిలో పదహారు నిండుతాయి. వియత్నాంలో నీకేం జరిగింది నాన్నా అని ఉత్తరం రాసింది."

"ఏం రాశారు?"

"మూడుసార్లు మొదలుపెట్టాను. రాలేదు." జేబు మీద తట్టాడు. "ఇది పంపిస్తా. ఇందులో ఉన్నదే నాకు జరిగింది. ఈయన ఏ దళంలో పోరాడాడో అందులో చూసి చెప్పు. మొదటి పేజీలో రాస్తాను. ఇతనూ నాలాంటివాడే అని అమ్మాయికి తెలియాలి."

చూస్తానన్నాను. ఆ మనిషి నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. మూడు రోజులకే ఆరో అధ్యాయంలో జవాబు దొరికింది. నవలాకారుడు యుద్ధానికే వెళ్లలేదు. ఏదో రేవులో దుప్పట్లు, బూట్లు లెక్కచూసే గుమాస్తాగా ఏడు నెలలు చేశాడు. ఆయన చెప్పుకున్న గాయం ట్రక్కు వెనక్కి తీస్తుంటే తగిలింది.

మర్నాడు పొద్దున నేనొక తప్పు చేశాను. చల్లటి రైఫిలును వెచ్చటి గుడిసెలోకి తెచ్చాను. లోహం మీద చెమ్మ పట్టింది. బయటికి తీసుకెళ్లగానే అది గడ్డకట్టి బోల్టు బిగుసుకుపోయింది. సార్జెంట్ అందరి ముందు నన్ను నిలబెట్టాడు. "ఈ ప్రొఫెసర్‌కి పుస్తకాలు తెలుసు. తుపాకీ తెలియదు," అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

పన్నెండు గంటలకు టెలిఫోన్ మోగింది. మూడు కాపలా పోస్టులకూ ఒకే తీగ, నాది రెండోది. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

"రెండో పోస్టు, రిపోర్ట్."

"కంచె బాగానే ఉంది. మీ రచయిత సంగతి తేలింది, సార్జెంట్."

"తర్వాత చెప్పు."

నేను ఆగలేదు. పుట్టిన ఊరు దగ్గర మొదలుపెట్టి, రేవు, దుప్పట్లు, ట్రక్కు, అన్నీ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. మూడో పోస్టువాడు పగలబడి నవ్వాడు. "సార్జెంట్, మీ హీరో మన స్టోర్ కీపరా?"



"సరే. కంచె చూసుకో," అని సార్జెంట్ ఫోన్ పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం నాకు హాయిగానే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఉంది. పక్కరోజు నుంచి అతని జేబులో నవల లేదు. ఏమైందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నన్ను ప్రొఫెసర్ అనడం కూడా మానేశాడు.

జవాబు దొరికాక ఆ జీవితచరిత్ర పక్కన పడేశాను. పరీక్ష అయిపోయిన వాచకం ఎవడు తెరుస్తాడు? మార్చి రెండో వారంలో వేరే ఏమీ తోచక మళ్లీ తీశాను. పందొమ్మిదో అధ్యాయం. నవలాకారుడు రెండేళ్లపాటు ప్రతి మధ్యాహ్నం సైనికుల ఆసుపత్రికి వెళ్లి కూర్చున్నాడట. చేతులు పోయినవాళ్లకు ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టాడు. ఇంటికి రాయొద్దు అంటూ వాళ్లు చెప్పినవి వేరే పుస్తకంలో రాసుకున్నాడు. నవలంతా ఆ మాటలే. అంటే అది సార్జెంట్ లాంటివాళ్లు చెప్పిన పుస్తకమే. కూతురికి పంపాల్సిన పుస్తకమే.

వెంటనే టెలిఫోన్ తిప్పాను.

"సార్జెంట్, ఆ పుస్తకంలో ఇంకా ఉంది. నేను సగమే చెప్పాను. ఆయన..."

"ఎమర్జెన్సీయా?"

"కాదు. కానీ మీ అమ్మాయికి..."

"లైన్ ఖాళీగా ఉంచు."

సాయంత్రం పుస్తకం పట్టుకుని అతని గదికి వెళ్లాను. బూట్లు తుడుచుకుంటున్నాడు. తలెత్తలేదు. "అమ్మాయికి చేతి తొడుగులు పంపేశాను. ఉన్నివి," అన్నాడు. ఉత్తరం ఏమైనా పెట్టారా అని అడిగాను. "చలికాలం జాగ్రత్త అని," అన్నాడు. తర్వాత తలుపు వైపు చూశాడు. వచ్చేశాను.

మే ఎనిమిదిన పిస్కాటవే చేరాను. బావ డాక్టరు. ఆ ఆదివారం స్నేహితులను భోజనానికి పిలిచాడు.

"ఏరా, నాలుగు నెలలు ఏం చేశావురా అక్కడ? యుద్ధమా పాడా."

"పుస్తకం చదివాను బావా."

"దానికి ఆర్మీ దేనికిరా? ఇక్కడ లైబ్రరీ లేదా? ఎమ్మెస్‌కి అప్లై చేసుంటే ఈపాటికి జాబ్‌లో ఉండేవాడివి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేనొక మనిషి నోరు మూయించి వచ్చానని ఆ పులిహోర మధ్య ఎలా చెప్పను?

ఆ చలి ఎప్పుడో మర్చిపోయాను. నది, కంచె కూడా సరిగా గుర్తు లేవు. నేను వచ్చేసే రోజు ఒక్కటే పోదు. సార్జెంట్ ట్రక్కు దగ్గర నిలబడి మమ్మల్ని లెక్కపెడుతున్నాడు. లెక్కపెడుతూనే కుడిచేయి అలవాటుగా పార్కా ఎడమ జేబు మీదికి వెళ్లింది. అక్కడ ఒకసారి నొక్కి చూసుకుంది. ఏమీ లేదు. మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాడు.