"ఆడగలడా?" అని అడిగితే

1994. బహ్రెయిన్‌లో ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని ఒక చిన్న క్లినిక్‌లో మేల్ నర్సుగా ఉన్నాను. మ్యాచ్ ఉన్న రోజు నన్ను దగ్గర్లోని ఫుట్‌బాల్ క్లబ్బుకి పంపేవారు. ఐసు, బ్యాండేజీలు, స్ట్రెచర్ నా డ్యూటీ.

అక్కడి మేనేజర్, అంటే జట్టుని నడిపే కోచ్, స్కాట్లండు పెద్దాయన. తోలుబంతి వానకి తడిసి ఇటుకంత బరువెక్కే రోజుల్లో డిఫెండర్‌గా ఆడాడట. మోకాలు పోయాక మేనేజరై, నాలుగు దేశాలు తిరిగి ఇక్కడ తేలాడు. ఆయన గొంతు వింటే ఆటగాళ్ళ సంగతేమో గానీ నేను స్ట్రెచర్ వెనక్కి తప్పుకునేవాణ్ణి. అసలే నేను పిరికివాణ్ణి.

ఆ రోజు యూసుఫ్ అనే మా డిఫెండర్ తల ఇంకొకడి తలకి ఠంగుమని తగిలింది. పరుగెత్తాను. లేచి కూర్చుని పేరు చెప్పాడు, ఏ వారమో చెప్పాడు. చూపు మాత్రం నా మీద నిలవడం లేదు. కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదరడం, అయ్యుంటుందని అనుమానపడ్డాను. ఇంతలో గీత అవతల నుంచి మేనేజర్ అరిచాడు: "ఆడగలడా?"

నేను తల ఊపాను.

మనం పెద్దవాళ్ళు ఏదడిగినా ముందు తల ఊపేస్తాం. "ఆఁ, విన్నానండీ" అని దానర్థం. జవాబు తర్వాత సంగతి. ఆయన మాత్రం దాన్నే జవాబనుకుని యూసుఫ్‌ని ఆటలోకి పంపేశాడు. "వద్దు సార్" అనాల్సింది పోయి, ఐసు సంచి తీసుకుని గీత బయటికి వచ్చేశాను. హాఫ్‌టైం దాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను.

హాఫ్‌టైంలో యూసుఫ్ వచ్చి, "భాయ్, స్కోరెంత?" అన్నాడు. చెప్పాను. నిమిషం తిరక్కుండా మళ్ళీ అదే అడిగి, భళ్ళున వాంతి చేసుకున్నాడు. టార్చి వేసి చూస్తే ఒక ప్యూపిల్, అంటే కంటిపాప, రెండోదానికంటే పెద్దదైపోయింది. పుర్రెలో రక్తం చేరుతోందన్నమాట. మనిషి పోతాడనే అనుకున్నాను.

ఆపరేషన్ థియేటర్ బయట డాక్టరు అడిగాడు: "దెబ్బ తగిలాక ఇతన్ని ఆడించిందెవరు?"

"నేనే," అన్నాడు మేనేజర్, నా వైపు చూడకుండా. తల ఊపింది నేనని చెప్పకుండా పక్కకి తప్పుకున్నాను.

సల్మాబాద్‌లో నా రూమ్మేటు సత్తిబాబుకి జరిగింది చెబితే హడలిపోయాడు. "ఒరేయ్, నోరెత్తకు. కఫీల్‌కి తెలిసిందంటే ఖలాస్, నిన్ను విమానం ఎక్కించేత్తాడు." కఫీల్ అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని.

యూసుఫ్ బతికాడు. ఇక బంతి జోలికి పోవద్దన్నారు. క్లబ్బు మేనేజర్ని తీసేసింది.

ఉండబట్టలేక జుఫైర్‌లో ఆయన ఫ్లాటుకి వెళ్ళాను. సూట్‌కేసు సర్దుకుంటున్నాడు. "సార్, తప్పు నాది. అతను ఆడగలడని నేననలేదు, విన్నానని తల ఊపానంతే," అన్నాను.

ఆయన మంచమ్మీద కూర్చున్నాడు. "ఇరవయ్యేళ్ళప్పుడు నేనూ తలకి దెబ్బతో ఆడాను. మా ట్రైనర్‌కి, అంటే అప్పట్లో నీ పని చేసేవాడికి, మేనేజరంటే భయం. ఆ మ్యాచ్ ఇప్పటికీ నాకు గుర్తులేదు. నీకు నేనంటే భయమని తెలిసి కూడా దూరం నుంచే అడిగాను."

"క్లబ్బు వాళ్ళకి చెప్పమంటారా?" అన్నాను.

"పిల్లలున్నారా?"

"ఇద్దరు సార్."

"అయితే చెప్పకు. వెళ్ళు."

వెళ్ళిపోయాను. ఆ సిగ్గు ఇంకా తీరలేదు. పిరికితనమూ పోలేదు. కాకపోతే అప్పటిదాకా పై అధికారికి భయపడేవాణ్ణి, ఆ తర్వాత నా చేతుల్లో ఉన్న మనిషికి ఏమవుతుందోనని భయపడటం నేర్చుకున్నాను.