ఆవిడకి కడుపులోనే నొప్పి

మీరూ నమ్మి ఉండేవారు కారు. నొచ్చుకుంటే నొచ్చుకోండి. మా పక్కింటి పిన్నిగారు పోయిన గురువారం రాజమండ్రి ఆసుపత్రిలో చనిపోయారు. నొప్పి, నొప్పి అని చెప్పి చెప్పి పోయారు. వీధి వీధంతా విన్నది.

నిడదవోలు బజారులో వాళ్లది స్టీలు సామాన్ల కొట్టు. బాబాయిగారు భోజనానికి వెళితే గల్లాపెట్టె దగ్గర ఆవిడే కూర్చునేవారు. గిన్నెను వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, కొనడానికొచ్చిన అత్తగార్లతో, "ఇది మీ కోడలికి తీసుకోండి. మీకైతే ఇంతకంటే గట్టిది తీస్తాను" అనేవారు. వాళ్లు నవ్వుకుంటూ రెండూ కొనేవారు.

కొన్ని నెలలు మాత్రం కొట్టుకు వచ్చేవారు కాదు. పెరటి అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చునేవారు. తల దువ్వుకునేవారు కాదు. అన్నం కలిపి ఇస్తే ముద్ద చేతిలోనే ఎండిపోయేది. అప్పుడిక ఆ ఇంట్లో ఒకటే వాదన. గాలి సోకిందని ఆవిడ అత్తగారు తుని నుంచి తాయెత్తు తెప్పించారు. ఇది మనసుకు వచ్చే జబ్బు, షుగరులాంటిదే, మాత్రలు మానకూడదన్నాడు రాజమండ్రి డాక్టరు. చదువు మాన్పించి పొయ్యికీ కొట్టుకూ మధ్య కట్టేసిన మనిషికి రోగం రాక ఏమొస్తుందన్నాను నేను. ఇప్పటికీ అంటాను. అలాగని డాక్టరు మాటా కాదనను.

ఓసారి మా వాదన మధ్యలో ఆవిడ గోడవైపు నుంచే అన్నారు: "ఆ డాక్టరుగారినీ పిలుచుకుని ముగ్గురూ తేల్చుకోండి బాబూ. ఎవరు గెలిస్తే ఆ జబ్బే పడతాను." అత్తగారు కూడా నవ్వేశారు. ఆ నవ్వు ఆగాక పిన్నిగారే ఇంకో మాట అన్నారు. "ఎందుకొచ్చిందో అందరూ చెబుతున్నారు. ఎలా ఉందని ఒక్కరూ అడగరేంటండీ?"

అడిగాను.

"కొట్టు షట్టరు దించేశాక లోపల ఉండిపోయినట్టుంటుందండి. బయట బజారంతా నాకు వినబడుతుంది. నేను తలుపు కొట్టేది ఎవరికీ వినబడదు."

మాత్రలతో ఈ ఏడు కుదుటపడ్డారు. పోయిన వారం మంగళవారం కడుపు పట్టుకుని కూర్చుండిపోయారు. "మళ్లీ మొదలెట్టింది" అన్నారు అత్తగారు. "అది కాదండి అత్తయ్యగారూ. ఇది వేరే. ఇదిగో, కుడివైపు." ఎదురింటావిడ నిమ్మరసం ఇచ్చి, మనసు గట్టి చేసుకోవాలమ్మా అని చెప్పి వెళ్లింది. కంపౌండరు వచ్చాడు గానీ సంచి తెరవలేదు. "ఈవిడకి మామూలేగా. ఆ నిద్రమాత్రే ఇంకోటెయ్యండి" అన్నాడు. తాయెత్తు వాళ్లూ మాత్రల వాళ్లూ మొదటిసారి ఒక్కమాట మీదకు వచ్చారు: నొప్పంతా తలలోనే ఉందని.

నేను ఊళ్లో లేను. గురువారం బస్సు దిగి వచ్చేసరికి ఆవిడను టాక్సీ ఎక్కిస్తున్నారు. ముందు సీట్లో కూర్చున్నాను. కొవ్వూరు దాటి వంతెన ఎక్కాక, మా ముందు లారీ ఒకటి చెడిపోయి ఆగింది. దిగి అరిచాను. ఎవరిమీద అరుస్తాను? చెడిపోయిన లారీ మీదా? తిరిగి వచ్చేసరికి ఆవిడ బాబాయిగారి చెయ్యి పట్టుకుని అడుగుతున్నారు.

"ఇప్పుడైనా నమ్మారా అండీ?"

ఆయన ఏడుస్తూ తల ఊపారు.

"హమ్మయ్య" అన్నారావిడ.

అపెండిక్సు పగిలిందట. ముందే తెస్తే బాగుండేదన్నారు ఆసుపత్రిలో. ఇన్నాళ్లూ అందరితో వాదించిన నాకు ఇప్పుడు అడగడం తప్ప చేతనైంది లేదు. అందుకే అడుగుతున్నాను.

మనసు జబ్బు ఉన్న మనిషి కడుపునొప్పి అంటే కడుపు చూడండి.

"మళ్లీనా" అనకండి. "ఎక్కడ" అనండి.

తాయెత్తు కట్టుకుంటే కట్టుకోండి. మాత్ర ఆపకండి. మాత్ర ఇచ్చాం కదా అని మనిషి మాట వినడం మానకండి.

ఈ మనసు జబ్బులు చూసే డాక్టరు వారానికి ఒకరోజైనా మా ఊరు రావాలి.

పెద్దకర్మకు వచ్చేవాళ్లు ఎలా పోయిందని అడుగుతారు. "పాపం, పిచ్చిది" అనకండి. కడుపునొప్పితో పోయారని చెప్పండి.