అప్పలకొండ నాలిక

అప్పలకొండ మట్టిని నాలిక మీద వేసుకుని చూసేవాడు. మంచి ఫైర్‌క్లే అయితే నాలికకి అతుక్కుంటుంది, పళ్ల మధ్య వెన్నలా నలుగుతుంది. సుపేలా బజారు వెనక గురుమూర్తి గారి ఇటుకల బట్టీకి వేరే ల్యాబు లేదు. విజయనగరం నుంచొచ్చిన ఈ మనిషి నోరే ల్యాబు. పనికొస్తుందని అతను "చలేగా" అంటేనే లారీలో మట్టి దిగేది. ఆ ఇటుకలు స్టీల్‌ప్లాంటులో కరిగిన ఉక్కుని మోసే పెద్ద బానల్లాంటి లేడిళ్ల లోపల పేర్చేవారు. మామూలు ఇటుకైతే ఆ వేడికి బెల్లప్పాకమైపోతుంది.

డెబ్బై తొమ్మిది వానాకాలంలో ఒక లారీ వచ్చేసరికి అప్పలకొండ అప్పుడే ఖైనీ దట్టించాడు. ఉమ్మెయ్యడానికి బద్ధకించి, దాంతోనే మట్టి నాలిక మీద వేసుకున్నాడు. కాస్త కరకరమంది. ఖైనీలో సున్నం పలుకులే అనుకుని "చలేగా" అనేశాడు.

కాల్చిన ఇటుకలు ప్లాంటుకెళ్లిన మూడోనాడు, బయట వానలో వదిలేసిన నాలుగింటిని చూశాడు. ఒంటినిండా తెల్లటి గుంటలు. ఆరా తీస్తే, ఆ లారీ అంతకుముందు నందిని గని సున్నపురాయి తోలిందట. అడుగున మిగిలిన రాళ్లు మట్టిలో కలిశాయి. బట్టీలో కాలి సున్నమై, తేమ తగలగానే ఉబ్బి, ఇటుకని లోపల్నుంచి పగలగొట్టాయి.

వెళ్లి చెబితే గురుమూర్తి కొట్టిపారేశాడు. "మనం పంపినవి పొడిగా, బానే ఉన్నాయి కదా! నోర్మూసుకో. ఆ నోటి మాట మీదే ప్లాంటులోకి నా సరుకు గేట్‌పాసు నడుస్తోంది."

ఇంట్లో అన్నం కెలుకుతూ కూర్చుంటే భార్య నూకరత్నం నిలదీసింది. "ఏటయ్యింది?"

చెప్పాడు. "బయటికి సెప్తే నా పనెల్లిపోద్దే."

"మా తమ్ముడు కొండలరావు ఆ లేడిలు కిందే కదా నిలబడతాడు! నీ పని ఆడి పేనం కన్నా ఎక్కువేటి?"

గుంటలు పడ్డ ఇటుకొకటి తువ్వాల్లో చుట్టుకుని సైకిలెక్కాడు. ప్లాంటు గేటు దగ్గర కొండలరావుని పిలిపించాడు.

"ఏటి బావా, సారె తెచ్చావేటి?" అని నవ్వాడు వాడు. చూశాక నవ్వలేదు. "ఈ ఇటుకల్తోనే తడి మట్టి పెట్టి లేడిలు కట్టేశారు బావా. సెకండ్ షిఫ్టులో ఉక్కు పోస్తారు." పరిగెత్తుకెళ్లి ఫోర్‌మన్‌ని లాక్కొచ్చాడు.

అప్పలకొండ రెండు చేతుల్తో నొక్కితే ఇటుక రస్కులా విరిగింది.

ఫోర్‌మన్ ఆ ముక్కలు చేతిలోకి తీసుకుని, ఈ మట్టి పాస్ చేసిందెవరని అడిగాడు. "యే మిట్టీ కిసనే పాస్ కియా?"

లారీవాడి పేరు చెప్పొచ్చు. గురుమూర్తి పేరు చెప్పొచ్చు.

"మైనే, సాబ్," అన్నాడు అప్పలకొండ. "నోట్లో ఖైనీ ఉండిపోయింది."

లేడిళ్ల లోపల ఇటుకలన్నీ పీకేశారు. ఆ వారంలోనే గురుమూర్తి అతన్ని బొగ్గు మోతకి దించాడు. ఇప్పుడు మట్టి నమూనాలు వేరే ల్యాబుకి పోతున్నాయి. ఖైనీ మానేశాడు, ఎందుకో అతనికే తెలీదు. మట్టి లారీ వచ్చినప్పుడల్లా బొగ్గు తట్ట దించి నిలబడతాడు. మట్టి చూడమని ఎవరూ పిలవరు. మూసిన నోట్లో నాలిక ఒక్కటే పళ్లని తడుముతుంటుంది.